బాబాయికి రాసిచ్చిన మందు

ఒరేయ్ మామా,

నీ మెసేజ్‌కి ఇన్నాళ్లు జవాబివ్వలేదు, ఏమీ అనుకోకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, పాప స్కూల్లో చేరింది, ఉద్యోగం నడుస్తోంది, మాంచెస్టర్‌లో వాన ఆగలేదు. అంతే. అసలు సంగతి బాబాయిది. నీకు చెబితే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

పిన్ని పోయాక బాబాయి ఎలా అయిపోయాడో ఫోన్లో చెప్పాను కదా. యార్క్‌షైర్‌లో ఆ బొగ్గుగనుల ఊరికి ఏళ్ల తరబడి డాక్టరు. అలాంటి మనిషి పొద్దున లేస్తే టీవీ ముందే. మోకాలు నొప్పి, గుండె దడ, నిద్ర లేదు అంటూ తను పనిచేసిన క్లినిక్‌కే పేషెంటుగా తిరిగేవాడు. పరీక్షల్లో ఏమీ తేలేది కాదు. చివరికి అక్కడి కుర్ర డాక్టరమ్మ మందుచీటీ రాయకుండా లింక్ వర్కర్ దగ్గరికి పంపింది.

ఒంటరితనానికి మాత్ర లేదు కదా, అందుకని మనిషిని ఊళ్లో ఏదో ఒక బృందంతో కలిపే ఉద్యోగం అది. తోటపనో, పాటలో, నడకో. సోషల్ ప్రిస్క్రైబింగ్ అంటారు. ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ 2019 నుంచి ఇంగ్లండంతా డాక్టర్ల దగ్గర ఇలాంటివాళ్లను పెడుతోంది. తూర్పు లండన్‌లో బ్రోమ్లీ బై బౌ అనే పేటలోనైతే 1984లోనే ఒక చర్చిలో ఈ తరహా పని మొదలైంది.

బాబాయికి మొదట ఒళ్లు మండింది. "డాక్టర్ని నేను, నాకు కబుర్లు రాసిస్తారా?" అన్నాడు. అయినా వెళ్లాడు. ఆ లింక్ వర్కర్ రోగం సంగతి ఎత్తకుండా, మీకు ఏదంటే ఇష్టం అని అడిగి గంటసేపు వింటూ కూర్చుందట. బాబాయి నోట్లోంచి ఏం వచ్చిందో చెప్పుకో! క్యారమ్స్! వేసవి సెలవుల్లో మన ఊరొచ్చి మీ అరుగు మీద కూర్చుని "రెడ్డు పడింది, ఫాలో ఏదిరా?" అని అరిచేవాడు, గుర్తుందా? బోరిక్ పౌడర్ ఉప్మా గురించి ఇక్కడ రాయను. మీ అమ్మగారు చదివినా చదువుతారు.

ఆవిడ పంపింది మెన్స్ షెడ్‌కి. ఆస్ట్రేలియాలో పుట్టిన ఆలోచన, ఇక్కడ ఇప్పుడు చాలా ఊళ్లలో ఉంది. రిటైరైన మగవాళ్లు చేరి చెక్కపని చేస్తారు, టీ తాగుతారు. ఎదురెదురుగా కూర్చుంటే ఒక్కమాటా రాని మనుషులు పక్కపక్కన రంపం పడుతూ భార్య పోయిన సంగతి కూడా చెప్పుకుంటారురా. నా కళ్లతో చూశాను.

శనివారం వెళ్లాను. బాబాయి క్యారమ్ బోర్డు తయారు చేస్తున్నాడు! ఆడే చోటు 29 అంగుళాల చదరం ఉండాలని టేపు పట్టి కొలుస్తున్నాడు. పక్కన ఒక పెద్దాయన, పాత గని కార్మికుడు. బాబాయి ఆయనకి ఏళ్ల పాటు ఇన్‌హేలర్ రాశాడట. ఇప్పుడు ఆయనే బాబాయికి చిత్రిక పట్టడం నేర్పుతున్నాడు! బోర్డు నున్నగా అయ్యాక పౌడర్ లేకపోతే కార్న్‌ఫ్లోర్ చల్లారు. బాబాయి మొదటి దెబ్బకే రెడ్డు వేశాడు, ఫాలో కూడా వేశాడు. ఆ తెల్లజుట్టు ముసలాళ్లంతా చప్పట్లు... నాకు మాట రాలేదు మామా. పిన్ని ఉంటే...

సరే. మోకాలు నొప్పి పోలేదు. కానీ బస్సెక్కి తనే వెళ్తున్నాడు, అన్నం వండుకుంటున్నాడు. ఒకటి మాత్రం నాకు గట్టిగా అనిపిస్తోంది. లింక్ వర్కర్ ఎంత మంచిదైనా పంపడానికి ఒక చోటంటూ ఉండాలి. ఇక్కడ ఊళ్ల పాలన చూసే కౌన్సిళ్ల దగ్గర డబ్బుల్లేక అలాంటి చోట్లు మూతపడుతుంటే భయమేస్తోంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మీ నాన్నగారు. ఊరొదిలి హైదరాబాద్ ఫ్లాట్‌కి వచ్చాక మాట తగ్గిపోయిందన్నావు. ఆయన్ని చిక్కడపల్లి లైబ్రరీకి ఒకసారి తీసుకెళ్లు, పేపర్లు చదివే పెద్దవాళ్లు దొరుకుతారు. పెద్దవాళ్ల కోసం 14567 అని ఎల్డర్ లైన్ ఉంది, దానికీ ఫోన్ చేసి అడుగు. ముందు మాత్రం ఆయనకేది ఇష్టమో కూర్చుని అడగరా. మనకి చిన్నప్పుడు గాలిపటాలు కట్టిచ్చింది ఆయనే కదా, బహుశా ఆ అపార్ట్‌మెంట్ పిల్లలకి...

అయ్యో, మూడైంది, పాపని తీసుకురావాలి. బాబాయి ఫోటోలు రాత్రికి పంపిస్తా. ఉంటా.

నీ
మామ