మాంచెస్టర్ గుమ్మాల దగ్గర నిలబడ్డవాళ్ళు రౌడీలు కారు

సంపాదకుడి గారికి నమస్కారం.

మూడు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో మాంచెస్టర్ రాత్రుల మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. చదివిన రోజే రాయాల్సింది, కోపం తగ్గాక రాద్దామని ఆగాను, తగ్గలేదు. హాసియెండా క్లబ్బు గురించీ అక్కడి పాటల గురించీ రెండు పేజీలు రాసి, క్లబ్బుల గుమ్మాల దగ్గర నిలబడే మనుషుల్ని మాత్రం "కండలు పెంచిన రౌడీలు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను ఆ ఊళ్ళో 2008 నుంచి రెండేళ్ళు చదువుకున్నాను. విద్యార్థి వీసా కాబట్టి వారానికి 20 గంటలకు మించకుండా, శుక్ర శనివారాల్లో డోర్ మీద, అంటే క్లబ్బు గుమ్మం దగ్గర కాపలాగా, పనిచేశాను. నా ఫీజులో కొంత ఆ డబ్బే. అందుకే ఆ మాట నాకు సూటిగా తగిలింది.

ఆ పని చెయ్యాలంటే లైసెన్సు కావాలండీ. బ్రిటన్‌లో 2001లో ప్రైవేట్ సెక్యూరిటీ చట్టం చేసి, 2003లో దానికోసం ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టారు. పాత కేసులేమైనా ఉన్నాయా అని చూస్తారు, శిక్షణ ఉంటుంది, పరీక్ష ఉంటుంది. కార్డు అందరికీ కనబడేలా చేతికి కట్టుకునేవాళ్ళం, మూడేళ్ళకోసారి మళ్ళీ తీసుకోవాలి. 2021 నుంచి ప్రథమ చికిత్స నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ లేకపోతే శిక్షణలోనే చేర్చుకోవడం లేదు. ఇందులో ఒక్క ముక్క కూడా మీ వ్యాసంలో లేదు.

చట్టం రాకముందు పరిస్థితి బాగాలేదన్నది నిజమే, ఒప్పుకుంటాను. హాసియెండా 1982 మేలో తెరిచారు. 80ల చివరికొచ్చేసరికి మత్తుమందుల వ్యాపారం లోపలికొచ్చింది, గ్యాంగుల కళ్ళు గుమ్మం మీద పడ్డాయి, ఎందుకంటే గుమ్మం ఎవరి చేతిలో ఉంటే లోపల సరుకు అమ్మేది వాళ్ళ మనుషులే. డోర్ మీద ఉన్నవాళ్ళకి తుపాకులు చూపించారు. 1991 జనవరిలో యజమానులే క్లబ్బు మూసేసి, మే నెలలో మళ్ళీ తెరిచారు. ఆ నెలల్లో, ఆ తర్వాత కూడా, వానలో తుపాకీ ఎదురుగా నిలబడ్డది ఎవరు? పాటలు కట్టినవాళ్ళు కాదు కదా. అక్కడ రౌడీలు ఉన్నారు, ఆ రౌడీలకి లొంగనివాళ్ళూ ఉన్నారు, మీ వ్యాసం ఇద్దర్నీ ఒకే గాటన కట్టేసింది.

నాకు పని నేర్పిన పెద్దాయన ఆ ఊళ్ళోనే మాస్ సైడ్ అనే పేట మనిషి, వాళ్ళ నాన్న జమైకా నుంచి వచ్చి స్థిరపడ్డాడు. చేతులు జేబుల్లో పెట్టకు, ముందుకి కట్టుకుని నిలబడు, తాగినవాడు గొంతు పెంచితే నువ్వు తగ్గించు, ముందు బూట్లు చూడు తర్వాత కళ్ళు చూడు, ఇవీ ఆయన పాఠాలు. "నాట్ టునైట్, లాడ్స్" అని ఆయన మెల్లగా అంటే ఆరడుగుల కుర్రాళ్ళు కూడా వెనక్కి తిరిగేవాళ్ళు. ఆ రెండేళ్ళలో ఆయన ఎవరి మీదా చెయ్యి వేయగా నేను చూడలేదు. లోపలున్న జనం లెక్క తప్పకూడదని, నొక్కి లెక్కపెట్టే క్లిక్కర్ నా చేతికిచ్చేవాడు, లోపలికి ఒకటి, బయటికి ఒకటి. లోపల సిగరెట్లు 2007లోనే నిషేధించారు కాబట్టి తాగేవాళ్ళంతా గుమ్మం దగ్గరే మూగేవాళ్ళు, సగం గొడవలు అక్కడే మొదలయ్యేవి, సగం రాజీలు కూడా అక్కడే. ఒళ్ళు తెలియకుండా తాగిన అమ్మాయి ఒంటరిగా బయటికొస్తే ట్యాక్సీ ఎక్కించి, నంబరు రాసుకున్నాకే ఆయన మళ్ళీ తన చోటికి వచ్చేవాడు. అందర్నీ ఆయన "అవర్ కిడ్" అనేవాడు, వాళ్ళ ఊళ్ళో తమ్ముణ్ణో అన్ననో పిలిచే పిలుపు అది. నా పేరు మాత్రం మొదటి రోజే నాలుగుసార్లు అడిగి సరిగ్గా పలకడం నేర్చుకున్నాడు.

ఫూ ఫూ లమార్ గురించి మొదట విన్నది ఆయన నోటే. ఆంకోట్స్ పేట కుర్రాడు, ఆడవేషం కట్టి, డేల్ స్ట్రీట్‌లో సొంత క్లబ్బు నడిపి, దానధర్మాలకు డబ్బు పోగుచేసినవాడు, 2003లో పోయాడు. ఊరంతా ఎరిగిన మనిషి, మీ వ్యాసంలో పేరు కూడా లేదు. పబ్బు పబ్బుకీ తిరిగి గులాబీలు అమ్మే ముసలాయన, పికడిలీ గార్డెన్స్‌లో చివరి బస్సు కోసం కూర్చునే ఒక పెద్దావిడ (మావాళ్ళు ఆవిడకి టీ తెచ్చిపెట్టేవాళ్ళు), పని అయ్యాక తెల్లవారుజామున రష్‌హోమ్ పేటలో కర్రీ మైల్ అనే హోటళ్ళ వీధిలో మాకు కబాబులు చేసి పెట్టిన పాకిస్తానీ అన్నలు, నాకు తెలిసిన మాంచెస్టర్ ఇదీ. ఆ ఊళ్ళో కూడా భవనాలకి విలువ లేదు. హాసియెండా 1997లో మూతపడింది, 2002లో కూల్చి అదే పేరుతో అపార్ట్‌మెంట్లు కట్టారు. ట్విస్టెడ్ వీల్ క్లబ్బు నడిచిన భవనాన్ని 2013లో హోటల్ కోసం పడగొట్టారు. భవనాలకే దిక్కు లేనప్పుడు మనుషుల్ని పత్రికలైనా గుర్తుపెట్టుకోవాలి కదండీ.

2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో బాంబు పేలి 22 మంది చనిపోయారు. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఏళ్ళ తరబడి తిరిగితే 2025లో ఆ కొడుకు మార్టిన్ పేరు మీద చట్టం వచ్చింది, జనం గుమిగూడే చోట్ల దాడి జరిగితే ఏం చెయ్యాలో ముందే సిద్ధంగా ఉండాలని. దాని అమలు బాధ్యత అప్పగించింది డోర్‌మెన్‌కి (గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళకి) లైసెన్సులిచ్చే సంస్థకే. ఇంత బరువు మోసే మనుషుల్ని మీరు రౌడీలంటారా?

ఇక మన సంగతి. మన దేశంలోనూ 2005లోనే ప్రైవేట్ సెక్యూరిటీ చట్టం చేశారు, గార్డులకి శిక్షణ ఇవ్వాలని అందులో స్పష్టంగా రాశారు. అయినా హైదరాబాద్‌లో పబ్బుకీ, సినిమా ఫంక్షన్‌కీ, ఆఖరికి పెళ్ళికీ ఎవరో ఒకరికి నల్ల టీషర్టు వేసి నిలబెడుతున్నారు, జనాన్ని తోసెయ్యడమే పని అనుకుంటున్నారు. వాళ్ళలో ఎంతమందికి శిక్షణ ఉందో ఏ అధికారి చూస్తున్నాడు? ఎవరికైనా దెబ్బ తగిలిన మర్నాడు ఒక హెచ్చరిక చేస్తారు, వారం తిరక్కముందే అంతా మామూలే. బహుశా అలాంటివాళ్ళను చూసే మీ వ్యాసకర్త మాంచెస్టర్ వాళ్ళనీ అదే మాట అనేశారేమో. మీ విలేకరులు రాయాల్సింది ఈ విషయం మీద.

"రౌడీలు" అన్న మాటకు సవరణ వెయ్యండి. 2009 డిసెంబరులో పెద్దాయనతో తీయించుకున్న ఫొటో నా దగ్గరుంది, చేతికి కార్డులతో ఇద్దరం గుమ్మం ముందు నిలబడి ఉన్నాం. కావాలంటే పంపిస్తాను, వేసుకోండి.

— ఒక పాఠకుడు, హన్మకొండ