కొర్రమట్ట పిల్లల మొదటి మేత గురించీ ఆలోచించండి

సంపాదకుడు గారికి,

తెలంగాణ చెరువుల్లో వదలడానికి ప్రభుత్వం చేసే ఉచిత చేప పిల్లల పంపిణీ 2016లో మొదలైనప్పటి నుంచి ప్రతి వానాకాలం ఒకటే ముచ్చట వింటున్నాం. ఎన్ని పిల్లలొచ్చాయి, సైజు ఉందా, లెక్క సరిపోయిందా అని. అడగాల్సిన లెక్కలే. కానీ గుడ్డు నుంచి బయటపడ్డ పిల్ల మొదటి రోజుల్లో ఏం తిని బతుకుతుందని ఎవరూ అడగరు. పరకాల దగ్గర తొట్లలో కొర్రమట్ట పిల్లల్ని పెంచుతున్నవాణ్ని కనుక ఆ సంగతి రాస్తున్నాను.

కొర్రమట్ట (కొరమీను) మన రాష్ట్ర చేప. దాని పిల్లలు మొదట్లో పొడి దాణా ముట్టవు, కళ్ల ముందు కదిలేదే కావాలి. అందుకే ఆర్టీమియా వాడతాం. ఉప్పు సరస్సుల్లో బతికే రొయ్య జాతి జీవి అది. ఎండిన గుడ్లు గోధుమ రంగు పొడిలా డబ్బాల్లో వస్తాయి. ఒక్క గ్రాములోనే రెండు లక్షలకు పైగా ఉంటాయి. లీటరు నీళ్లకు 25-30 గ్రాముల ఉప్పు కలిపి, గాలి మోటారు పెట్టి వెచ్చగా ఉంచితే దాదాపు 24 గంటల్లో పొదుగుతాయి. అప్పుడు మోటారు ఆపి అడుగున టార్చి లైటు పెడితే పెంకులు పైకి తేలతాయి, నారింజ రంగు పిల్లలన్నీ వెలుగు వైపు దిగొస్తాయి. వాటిని తొట్టిలో వదిలిన కాసేపటికే కొర్రమట్ట పిల్లల పొట్టలు నారింజ రంగుకు తిరుగుతాయి. ఆ రంగు కనిపిస్తేనే నాకు ఆ పూట టెన్షన్ తగ్గుతుంది.

మన చెరువుల్లో వదిలే నీలకంఠ రొయ్య పిల్లలు కూడా హ్యాచరీలో (గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే చోట) తొలి నెల ఎక్కువగా ఆర్టీమియా మీదే బతుకుతాయి.

ఆర్టీమియా గుడ్లలో పెద్ద వాటా అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వస్తుంది. దాంట్లో కలిసే నదుల నీళ్లు పొలాలకు, పట్టణాలకు మళ్లి, 2022 నవంబరులో ఆ సరస్సు మట్టం ఎన్నడూ లేనంతగా పడిపోయింది. నీళ్లు తగ్గి ఉప్పు మరీ చిక్కబడితే ఆర్టీమియా కూడా తట్టుకోలేదు. అక్కడ గుడ్లు సేకరించేటప్పుడు లీటరు నీటిలో ఎన్ని మిగిలాయో లెక్క చూస్తారు, పెట్టుకున్న హద్దు కంటే తగ్గితే ఆ ఏటికి ఆపేస్తారు. మన రైతులు విత్తనాల గింజలు పక్కన పెట్టుకున్నట్టే.

అంత జాగ్రత్తగా తీసిన సరుకు మన దగ్గరికొచ్చాక పాడవుతోంది. నిరుడు నేను కొన్న డబ్బాలో సగం కూడా పొదగలేదు. గుడ్లకు తేమ తగిలింది. ఇంకో డబ్బా తెచ్చేలోపు మూడు రోజులు గడిచాయి. ఆకలికి పిల్లలు ఒకదాన్నొకటి తినడం నా కళ్లతో చూశాను. పెద్ద పిల్ల నోట్లోంచి చిన్నదాని తోక బయటికి కనబడుతుంటే ఏమీ చేయలేక నిలబడ్డాను. కొనేముందు చిటికెడు గుడ్లు పొదిగించి చూపించే ఏర్పాటు జిల్లా చేప పిల్లల కేంద్రంలో ఉంటే ఆ నష్టం జరిగేది కాదు.

వాడకం తగ్గించే దారి కూడా ఉంది. మొదటి కొద్ది రోజులకే ఆర్టీమియా పెట్టి, తర్వాత మొయినా అనే మంచినీటి పురుగులకు మారవచ్చు. సిమెంటు తొట్టిలో పేడ, పల్లి చెక్క నానబెట్టిన నీళ్లు వేసి కొంచెం మొయినా వదిలితే వారంలో తొట్టి నిండుతుంది. నేను ఈ ఏడు అలాగే చేశాను, డబ్బాల ఖర్చు బాగా తగ్గింది. మొదట వదలడానికి మంచి మొయినా దొరకడమే కష్టమైంది. మత్స్య శాఖ దాన్ని పెంచి, చేప పిల్లలతో పాటు మా సంఘాలకూ ఇవ్వాలి.

ఇంకొక మాట. ఆర్టీమియాను ఇక్కడే తొట్లలో పెంచి అమ్ముదామని కొందరు యువకులు అడుగుతున్నారు. వాళ్ల ఉత్సాహం మంచిదే, కానీ ఆ పని తమిళనాడు తీరంలోని ఉప్పు మడులకు తగినది. ఇక్కడ వాడిన ఉప్పు నీళ్లను కాలువలోకి వదిలితే కింద వరి పొలం దెబ్బతింటుంది. గుడ్లు పొదిగించిన నీళ్లను నేను పొలం వైపు పోనివ్వను, ఒక టార్పాలిన్ గుంతలో ఎండబెట్టి అడుగున మిగిలిన ఉప్పు తీసేస్తాను. హ్యాచరీలకు అనుమతి ఇచ్చేటప్పుడు అధికారులు ఈ గుంత ఉందో లేదో కూడా చూడాలి.

ఇట్లు,
ఒక చేపల రైతు,
పరకాల, హనుమకొండ జిల్లా