కాన్పు ఆమెది, సంతకం ఇంకొకరిది

సంపాదకుడు గారికి,

పెద్ద ఆపరేషన్లు తగ్గకపోవడానికి ఆడవాళ్లు నొప్పులకు భయపడటమే కారణమని ఒక అధికారి చెప్పిన మాటను గత వారం మా జిల్లా పేజీలో వేశారు. అది చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

తెలంగాణ రాష్ట్రంలో నూటికి 60.7 కాన్పులు కోతలేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. భయమే కారణమైతే ఆసుపత్రి మారగానే అది దాదాపు సగానికి తగ్గుతుందా?

మూడేళ్ల కిందట మా అన్న కూతురి తొలికాన్పు దగ్గరుండి చూశాను. నెలనెలా 102 బండిలో ప్రభుత్వాసుపత్రికి వెళ్లి పరీక్షలు చేయించుకుంది, కాన్పూ అక్కడే కావాలనుకుంది. తొమ్మిదో నెలలో వియ్యాలవారు వచ్చి ప్రైవేటులో అయితేనే మర్యాద అన్నారు. ఖర్చు పుట్టింటిదే అయినా మా అన్న ఎదురు చెప్పలేకపోయాడు. పంతులు రాసిచ్చిన ముహూర్తం చీటీని అత్తగారు మడిచి పరీక్షల కార్డులో పెట్టారు. ఉదయం 9 గంటల 40 నిమిషాలు. అప్పటికి నొప్పులే మొదలు కాలేదు. కాగితాల మీద అల్లుడు సంతకం చేశాడు. ఒకసారి చదువుతానని ఆ పిల్ల చేయి చాపితే "నీకెందుకమ్మా, పడుకో" అన్నారు. ఆ అప్పు మా అన్న మొన్న ఉగాదికి తీర్చాడు.

ప్రాణాపాయం లేనప్పుడు, మేజరైన రోగికి బదులు ఇంటివాళ్లు ఇచ్చే సమ్మతి చెల్లదని సుప్రీంకోర్టు 2008లోనే సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. మన ఆసుపత్రుల్లో ఎవరికి పట్టింది? అధికారులు అంగన్‌వాడీలో గర్భిణులను కూర్చోబెట్టి సహజ కాన్పు మంచిదని చెబుతారు, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. నిర్ణయించే భర్తనూ అత్తనూ ఒక్కనాడైనా పిలిచారా? ప్రభుత్వాసుపత్రిలో కాన్పు అయితే కేసీఆర్ కిట్ పథకం కింద 12 వేలు, ఆడపిల్ల అయితే 13 వేలు తల్లి ఖాతాలోనే వేశారు. ఏటీఎం కార్డు భర్త జేబులో ఉన్న ఇళ్లు మా వీధిలోనే నాలుగు చూపిస్తాను. మిగతా విషయాల్లో నోరు లేని మనిషికి కాన్పు రోజున ఎక్కడి నుంచి వస్తుంది?

మా పిల్లకు ఇప్పుడు మళ్లీ ఐదో నెల. ఈసారి కార్డు తన సంచిలోనే పెట్టుకుంది. సహజ కాన్పు వీలవుతుందా అని అడిగితే, మొదటిది కోత కాబట్టి ఇదీ కోతే అన్నారట. ఆ చీటీ కార్డులో పెట్టిన రోజున ఈ మాట ఆమెకు ఒక్కరూ చెప్పలేదు.

– ఒక పాఠకురాలు, హనుమకొండ