పద్దెనిమిదేళ్లకు కూడా సెలక్షన్స్ పెట్టండి

సంపాదకుడు గారికి,

2031లో పురుషుల రగ్బీ ప్రపంచకప్, 2033లో మహిళలది, రెండూ నిర్వహించే అవకాశం అమెరికాకే దక్కింది. ఇకమీదట మన క్రీడా పేజీల్లో ఆ దేశపు ఆటగాళ్ల పేర్లు అప్పుడప్పుడైనా కనబడతాయనుకుంటాను. ఇప్పటిదాకా మనవాళ్లకు తెలిసింది ఇలోనా మేహర్ ఒక్కతే. అదీ ఇన్‌స్టాగ్రామ్ పుణ్యం. ఆమె ట్యాకిల్ (బంతి పట్టుకున్నవాళ్లను పట్టి పడేయడం) గురించి కన్నా లిప్‌స్టిక్ గురించే నేను ఎక్కువ చదివాను. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రిల్ సారుగా పనిచేసి రిటైరైన నాకు మాత్రం వీళ్ల జీవితాల్లో వేరే సంగతి కనబడింది. వీళ్లలో చాలామంది రగ్బీ బంతి ముట్టుకున్న వయసుకి మన దగ్గరైతే సెలక్షన్స్ ఎప్పుడో ముగిసిపోయి ఉంటాయి.

కార్లిన్ ఐల్స్ సంగతే చూడండి. చిన్నప్పుడు కొంతకాలం పెంపుడు ఇళ్లలో పెరిగిన ఒహాయో కుర్రాడు. కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాడు, పరుగు పందేలకూ వెళ్లాడు. వంద మీటర్లలో అతని టైమింగ్ 10.13 సెకన్లు. 2025లో మన అనిమేష్ కుజూర్ జాతీయ రికార్డు నెలకొల్పింది 10.18తో. ఇక్కడ పుట్టి ఉంటే ఐల్స్‌కు పూలదండలు పడేవి. అమెరికాలో ఆ టైమింగ్‌తో ఒలింపిక్ జట్టు గుమ్మం కూడా తొక్కలేడు. 2012లో ఇంటర్నెట్‌లో సెవెన్స్, అంటే జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ చూసి, అమెరికా రగ్బీ సంఘానికి తనే కబురు పెట్టాడు. అదే ఏడాది దేశం తరఫున ఆడేశాడు. రూల్సు ఒంటబట్టడానికి టైం పట్టి ఉండొచ్చు గానీ, బంతి చేతికొచ్చి ముందు ఖాళీ దొరికితే ఇక అతన్ని అందుకునేవాడు లేడు. ప్రపంచ సిరీస్‌లో 200కు పైగా ట్రైలు (బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనిస్తే ట్రై), రెండు ఒలింపిక్స్.

పెర్రీ బేకర్‌ది ఇంకో దారి. ఫిలడెల్ఫియా ఈగల్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు తీసుకుంది, మోకాలి దెబ్బ వల్ల వదులుకుంది. అలాంటి కుర్రాళ్లు మన ఊళ్లలో ఏమవుతారో నాకు బాగా తెలుసు. బేకర్ రగ్బీకి వచ్చాడు. 2017లోనూ 2018లోనూ వరుసగా ప్రపంచ ఉత్తమ సెవెన్స్ ఆటగాడయ్యాడు. 38 ఏళ్ల వయసులో పారిస్ ఒలింపిక్స్ ఆడాడు. అలాస్కా అమ్మాయి అలెవ్ కెల్టర్ ఐస్ హాకీ, సాకర్ (మనం ఫుట్‌బాల్ అనేది) రెండూ ఆడేది. 2014 వింటర్ ఒలింపిక్స్ హాకీ జట్టులో చోటు దొరకలేదు. రగ్బీలో మూడు ఒలింపిక్స్ ఆడింది. ఇలోనా కూడా సాఫ్ట్‌బాల్, బాస్కెట్‌బాల్, హాకీ ఆడి, హైస్కూలు చివర్లో 17 ఏళ్లకు ఇటు మళ్లింది. మధ్యలో నర్సింగ్ డిగ్రీ కూడా పూర్తిచేసింది. 2024 పారిస్‌లో కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో టైం అయిపోయాక అమెరికా అమ్మాయి అలెక్స్ సెడ్రిక్ తమ గీత దగ్గర్నుంచి మైదానం పొడవునా పరుగెత్తి ట్రై చేసి, కన్వర్షన్ (ట్రై తర్వాత గోల్‌కు తన్నే కిక్) కూడా తనే తన్ని ఆస్ట్రేలియాను 14-12తో ఓడించింది. ఆ మ్యాచ్ చూడనివాళ్లు వెతుక్కుని చూడండి.

ఇదేమీ కొత్త అలవాటు కాదు. 1920, 1924 ఒలింపిక్స్ రగ్బీ స్వర్ణాలు గెల్చింది అమెరికాయే. ఎక్కువమంది కాలిఫోర్నియా కాలేజీ కుర్రాళ్లు, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేవాళ్లే బోలెడు. 1924లో పారిస్ జనం ఎదుటే ఫ్రాన్స్‌ను 17-3తో ఓడించారు. తర్వాత ఒలింపిక్స్‌లోంచి రగ్బీనే తీసేశారు, దాంతో 2016లో ఫిజీ గెలిచేదాకా 92 ఏళ్లు ఆడకుండానే వీళ్లు ఒలింపిక్ చాంపియన్లు! దారి అటునుంచి ఇటూ ఉంది. నేట్ ఎబ్నర్ చిన్నప్పట్నుంచీ రగ్బీ ఆడి, కాలేజీకి వచ్చాకే అమెరికన్ ఫుట్‌బాల్‌లో చేరి, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టుతో మూడు సూపర్ బౌల్స్ (ఆ ఆట లీగ్ ఫైనల్స్) గెలిచాడు. మధ్యలో 2016లో జట్టు దగ్గర సెలవు తీసుకుని రియోలో దేశానికి రగ్బీ ఆడొచ్చాడు.

అయితే అమెరికా రగ్బీ అంతా బంగారమేం కాదు. ఏడుగురి ఆటలో పరుగు కాపాడుతుంది. పదిహేనుమంది ఆటలో అలా కుదరదు. స్క్రమ్‌లో, అంటే రెండు జట్లవాళ్లూ తలలు వంచి భుజాలతో నెట్టుకునే చోట, మెడ, భుజం ఎక్కడ ఆనించాలో పన్నెండేళ్లకే నేర్చిన న్యూజిలాండ్ కుర్రాడి ముందు ఇరవై రెండేళ్లకు మొదలుపెట్టినవాడు తేలిపోతాడు. లా చదువుకుంటూ రగ్బీ మొదలుపెట్టి, స్క్రమ్ ముందు వరుసలో ఉండే ప్రాప్ స్థానంలోనూ మెరిసి, 2017లో ప్రపంచ రగ్బీ హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కిన ఫైడ్రా నైట్ లాంటివాళ్లు అరుదు. పురుషుల జట్టు ప్రపంచకప్‌ల చరిత్రలో గెలిచినవి మూడంటే మూడు మ్యాచ్‌లు. 2022 నవంబర్లో దుబాయ్‌లో పోర్చుగల్‌తో 16-16 డ్రా చేసుకుని 2023 కప్‌కే దూరమైంది. 2020లో వాళ్ల సంఘం దివాలా పిటిషన్ కూడా వేసింది. చిన్నప్పుడే నేర్పించాల్సింది నేర్పించాలి, కాదనను.

నా బాధ మన పద్ధతితో. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్‌కు నాలుగో తరగతిలో ఎంపిక చేస్తాం. జిమ్నాస్టిక్స్‌కు ఆ వయసు సరే. కానీ తొమ్మిదేళ్ల పిల్లాడి ఎత్తు, బరువు, ముప్పై మీటర్ల పరుగు చూసి పదహారేళ్లకు ఎలా ఎదుగుతాడో చెప్పగల మొనగాడెవరు? పదో తరగతిలో ఒక్కసారిగా ఎదిగిన పిల్లల్ని నేను ఎందరినో చూశాను. కబడ్డీలో జిల్లా జట్టుకు రిజర్వుగా మిగిలిన అమ్మాయి, రెండు వందల మీటర్లలో నాలుగో స్థానంలో ఆగిన అబ్బాయి, ఇంటర్‌లో చేరాక వీళ్ల మొహం ఎవరూ చూడరు. పట్టుకోవడం, తప్పించుకోవడం, మనిషిని పడేయడం కబడ్డీ పిల్లలకు కొత్తగా నేర్పక్కర్లేదు కదా. 2025లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగితే అందులో హైదరాబాద్ హీరోస్ అని మన ఊరి పేరుతోనే ఒక జట్టు ఆడింది. పేరు మనది ఉంటే చాలదు.

అమెరికాకు కాలేజీ స్కాలర్‌షిప్పులున్నాయి, అక్కడ మిగిలిపోయినవాడు కూడా 10.13 పరుగెత్తుతాడు, మనకెక్కడ కుదురుతుందని అంటారు. కుదిరినంతే చేద్దాం. రెండు రాష్ట్రాల క్రీడా ప్రాధికార సంస్థలూ ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఏడాదికోసారి ఏ ఆటకూ సంబంధం లేని సెలక్షన్స్ పెట్టాలి. పరుగు, గెంతు, బలం కొలిచి, ఆ ఫలితాలను రగ్బీ, రోయింగ్, సైక్లింగ్, జావెలిన్ కోచ్‌లందరికీ ఒకేసారి ఇవ్వాలి. ఎవరికి ఎవరు కావాలో వాళ్లే పిలుచుకుంటారు. అమ్మాయిలకు విడిగా, మహిళా కోచ్‌ల ఆధ్వర్యంలో పెడితే తల్లిదండ్రులు పంపుతారు. స్టాప్‌వాచీలు, టేపులు ప్రతి కాలేజీలో ఉన్నవే. చేయించడానికి మాలాంటి రిటైరైన పీఈటీలు ప్రతి మండలంలో ఉన్నారు, బస్సు చార్జీలిస్తే వస్తాం. దసరా సెలవుల్లో పెడితే హాజరు గొడవ కూడా ఉండదు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
జనగామ