అందరూ ఒకే గాటన కట్టదగ్గవాళ్లు కారు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా నియోకన్జర్వేటివ్‌ల మీద, అంటే ఎడమవైపు నుంచి కుడివైపుకు మళ్లి, విదేశాల్లో అమెరికా బలం గట్టిగా వాడాలన్న మేధావుల మీద, మీరు ఆదివారం వేసిన వ్యాసం చదివాను. రీగన్ నాటి రాయబారి జీన్ కిర్క్‌ప్యాట్రిక్ దగ్గర్నుంచి ఇరాక్ యుద్ధం నాటి రక్షణ శాఖ అధికారి పాల్ వుల్ఫోవిట్జ్ దాకా అందర్నీ ఒకే గాటన కట్టేశారు. న్యూజెర్సీలో ఒక కాలేజీ లైబ్రరీలో పాతికేళ్లు పత్రికల సెక్షన్ చూసినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

వీళ్లు పుట్టు రిపబ్లికన్లేం కారు. ఈ గుంపుకు ఆద్యుడైన ఇర్వింగ్ క్రిస్టల్ న్యూయార్క్ సిటీ కాలేజీలో చదివే రోజుల్లో రష్యా కమ్యూనిస్టు విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీకి వీరాభిమాని. 1965లో డేనియల్ బెల్‌తో కలిసి ‘ది పబ్లిక్ ఇంటరెస్ట్’ పత్రిక పెట్టాడు. సర్కారు పథకాలు ఎక్కడ బెడిసికొడుతున్నాయో లెక్కలు తీయడం దాని పని. మా బల్ల మీద ‘టైమ్’ రెండ్రోజుల్లో నలిగిపోయేది, ఇది మాత్రం మడత నలిగేది కాదు. చదివే ఆ కొద్దిమందే విధానాలు రాసే చోట ఉండేవాళ్లు, అదీ కిటుకు.

బాగా నలిగింది ఈ గుంపు రాసే ఇంకో పత్రిక ‘కామెంటరీ’ 1979 నవంబరు సంచిక. జిరాక్స్ మెషీన్ మీద బోర్లించీ బోర్లించీ కిర్క్‌ప్యాట్రిక్ వ్యాసం దగ్గరే బైండు విరిగింది. అమెరికాకు మిత్రులైన నియంతలు ఇరాన్ షానూ, నికరాగువా సొమోజానూ అధ్యక్షుడు కార్టర్ నట్టేట ముంచాడని ఆవిడ కోపం. అది రీగన్‌కు నచ్చింది. 1981లో ఆవిణ్ణి ఐక్యరాజ్యసమితికి రాయబారిగా పంపాడు. అప్పటికింకా ఆవిడ డెమొక్రాటే!

నియంతల్ని వెనకేసుకొచ్చిన ముక్కే అందరికీ గుర్తు. ప్రజాస్వామ్యపు అలవాట్లు జనానికి ఒంటబట్టాలంటే దశాబ్దాలు, ఒక్కోసారి శతాబ్దాలు పడుతుందన్న మాట కూడా అందులోనే ఉంది. 1998 జనవరిలో సద్దాంను దించెయ్యమని క్లింటన్‌కు ఉత్తరం రాసిన 18 మందిలో వుల్ఫోవిట్జ్ ఉన్నాడు, ఇర్వింగ్ కొడుకు విలియం క్రిస్టల్ ఉన్నాడు. బుష్ హయాంలో వుల్ఫోవిట్జ్ రక్షణ శాఖలో రెండో కుర్చీ ఎక్కాడు, 2003 మార్చిలో సైన్యం ఇరాక్‌లోకి దిగింది. సామూహిక మారణాయుధాలు దొరకలేదు. ఆ తర్వాత ప్రజాస్వామ్యం నాటడమే అసలు పనన్నట్టు మాట్లాడారు.

మా గేటు దగ్గర గార్డు కొడుకు ఆ యుద్ధానికి రెండుసార్లు వెళ్లొచ్చాడు. ఒకరోజు ఆ గార్డుకు ఆ విరిగిన సంచిక తీసి, శతాబ్దాలు పడుతుందన్న ఆ వాక్యం చూపించాను. వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. “ఇది వాళ్ల మనిషే రాసిందా?” అన్నాడు. అవునన్నాను. పుస్తకం మూసి, డ్యూటీకి టైమైందని వెళ్లిపోయాడు.

ఇంకొకటి. ఆ 18 సంతకాల్లో రాజనీతి పండితుడు ఫ్రాన్సిస్ ఫుకుయామాదీ ఒకటి. తర్వాత ఆయన ఈ గుంపుతో తెగతెంపులు చేసుకున్నాడు. మీ వ్యాసం ఆయన్ని ఇప్పటికీ అందులోనే ఉంచింది.

— ఒక రిటైర్డ్ లైబ్రేరియన్, న్యూజెర్సీ