ప్రాజెక్టుకి జిప్ ఫైల్ కాదు, ప్యాకేజీ అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఇంజినీరింగ్ పిల్లల ఫైనలియర్ ప్రాజెక్టుల గురించి మీ పేపర్లో అప్పుడప్పుడు రాస్తుంటారు, బాగుంది, కానీ అవి చేసినవాడి ల్యాప్‌టాప్ దాటి ఇంకో సిస్టమ్‌లో నడుస్తాయా అని అడిగేవాళ్లే లేరు. నేను కాకినాడలో ఒక కాలేజీ ల్యాబ్ చూసుకుంటాను, మావన్నీ ఉబుంటు (లినక్స్) సిస్టమ్‌లే. సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టుని జిప్ చేసి తెచ్చి 'సుడో మేక్ ఇన్‌స్టాల్' అనే కమాండ్ కొట్టండి సార్ అంటారు, కొడితే ఫైళ్లన్నీ పోయి యూఎస్ఆర్ లోకల్ ఫోల్డర్లో పడతాయి, ఏది ఎవరిదో సిస్టమ్‌లో ప్యాకేజీల లెక్క చూసే డీపీకేజీకి తెలీదు, తర్వాత తీసేయాలంటే ఒక్కోటీ వెతుక్కోవాలి.

నిజానికి వాళ్లు బిల్డ్‌కి వాడే సీమేక్ అనే టూల్‌తోనే ప్యాకేజీ కట్టే సీపాక్ కూడా వస్తుంది. ఏ ఫైల్ ఎక్కడికి పోవాలో ఇన్‌స్టాల్ రూల్స్ ఎలాగూ రాస్తారు కదా, దాని కింద జెనరేటర్ డెబ్ (ఉబుంటు వాడే ప్యాకేజీ రకం) అని, మెయింటైనర్ పేరు పెట్టి, చివర్న సీపాక్‌ని ఇన్‌క్లూడ్ చేస్తే చాలు (సెట్టింగులు ఆ లైనుకి పైనే ఉండాలి, కింద రాస్తే పట్టించుకోదు). బిల్డ్ అయ్యాక సీపాక్ అని కొడితే డెబ్ ఫైల్ చేతికొస్తుంది, ఫెడోరా అనే ఇంకో లినక్స్ వాళ్లకి కావాలంటే అవే రూల్స్‌తో వాళ్ల ప్యాకేజీ రకం ఆర్‌పీఎం కూడా తీయొచ్చు.

పిల్లలకి తప్పకుండా చూపించాల్సింది సీపాక్‌లో ఉండే ష్‌లిబ్‌డెప్స్ ఆప్షన్. అది ఆన్ చేస్తే ప్రోగ్రామ్‌కి ఏ లైబ్రరీ ఏ వెర్షన్ కావాలో అదే చూసి ప్యాకేజీలో రాసేస్తుంది. ఉబుంటు 24.04లో కట్టింది తెచ్చి మా 22.04 మీద ఎక్కించబోతే, దీనికి లిబ్‌సీ (ప్రోగ్రాములన్నిటికీ అవసరమైన సీ లైబ్రరీ) 2.38 కావాలి, ఇక్కడున్నది 2.35 అని ప్యాకేజీలు ఎక్కించే ఏపీటీ అక్కడే ఆపేస్తుంది. అదే జిప్ అయితే అన్నీ కాపీ చేసుకుని, వైవాలో ఎగ్జామినర్ ముందు రన్ కొట్టాక గానీ తెలీదు, పాపం ఆ పిల్లాడికి అప్పుడు నోట మాట రాదు.

సీపాక్ తీసిన డెబ్‌ని డెబియన్ (ఉబుంటుకి మూలమైన లినక్స్) వాళ్లు తమ ఆర్కైవ్‌లోకి తీసుకోరు, దానికి డెబియన్ అనే ఫోల్డర్ రాసి వాళ్ల పాలసీ ప్రకారం సోర్స్ ప్యాకేజీ కట్టాలి, అది వేరే చదువు. ల్యాబ్‌లకీ చిన్న కంపెనీలకీ మాత్రం ఇది సరిపోతుంది. కాబట్టి యూనివర్సిటీలు సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టులకి డెబ్ ఫైల్ కూడా ఇవ్వాలని రూల్ పెట్టి, కొత్త సిస్టమ్‌లో ఎక్కించి, నడిపి, మళ్లీ తీసి చూపించినందుకు కొన్ని మార్కులు కేటాయించాలని మీ పేపర్ ద్వారా కోరుతున్నా.

- ఒక ల్యాబ్ ఇన్‌చార్జి, కాకినాడ