చిన్నా, ఆ మాత్ర అప్పుడే మానకు

పర్లాకిమిడి

చిన్నా,

"పది రోజులైందమ్మా, ఏం తేడా లేదు, మానేస్తాను" అన్నావు నిన్న ఫోన్‌లో. పక్కన మీ పిన్ని ఉంది, సరిగ్గా మాట్లాడలేకపోయాను. ప్లస్ టూ పిల్లలకి బయాలజీ చెప్పినదాన్ని కదా, ఇలాంటివి కాగితం మీదైతే నాకు తీరుబడిగా వస్తాయి.

నీ అనుమానంలో తప్పేం లేదు. మెదడు కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి వదిలే రసాయనం సెరటోనిన్. అలా విడుదలైన సెరటోనిన్‌ను కణంలోకి తిరిగి లాక్కునే ప్రోటీన్ ఒకటుంది. నువ్వు వేసుకునే డిప్రెషన్ మాత్ర ఎస్కిటలోప్రామ్ దాన్ని కొన్ని గంటల్లోనే అడ్డుకుంటుంది. మరి మనసు తేలికపడటానికి వారాలెందుకు? "సెరటోనిన్ తగ్గితే డిప్రెషన్" అని ఒక్క ముక్కలో తేల్చేసే మాట నాకు ఎప్పుడూ నచ్చలేదు. సెరటోనిన్ ఒట్టి కబురు. దాన్ని అందుకునే రిసెప్టర్లు 14 రకాల దాకా ఉన్నాయి. 5-హెచ్‌టీ3 అనే రకాన్ని పక్కన పెడితే, తక్కినవేవీ సొంతంగా పని జరిపించలేవు. లోపల వేరే ప్రోటీన్ చేయి కలపాలి.

5-హెచ్‌టీ1ఎ సంగతి చూడు. మెదడు అడుగున ఉండే బ్రెయిన్ స్టెమ్‌లో సెరటోనిన్ తయారు చేసే కణాల మీదే ఈ రిసెప్టర్ ఉంటుంది. మందు వల్ల చుట్టూ సెరటోనిన్ పెరగగానే ఇది లోపలున్న జీ ప్రోటీన్‌ను లేపుతుంది. ఆ జీ ప్రోటీన్ పొటాషియం దారిని తెరుస్తుంది. పొటాషియం బయటికి పోతుంది, కణం జోరు తగ్గుతుంది. అంటే మందు ఇచ్చినదానికి కణమే పగ్గం వేస్తోందన్నమాట! రోజులు గడిచేకొద్దీ ఆ రిసెప్టర్ మొద్దుబారి, కణం మళ్లీ జోరందుకుంటుంది. ఈ ఆలస్యానికి ఎక్కువగా చెప్పే కారణం ఇదే. నువ్విప్పుడు సరిగ్గా ఆ మధ్య రోజుల్లో ఉన్నావు.

నాకు బాగా నచ్చింది పీ11 కథ. 2000లో నోబెల్ అందుకున్న పాల్ గ్రీన్‌గార్డ్ బృందం 2006లో బయటపెట్టింది. రిసెప్టర్ కణం లోపలే ఉండిపోతే ఎంత సెరటోనిన్ ఉన్నా దానికి అందదు కదా. పీ11 అనే చిన్న ప్రోటీన్ 5-హెచ్‌టీ1బి రిసెప్టర్‌కి అతుక్కుని, అది కణం పైపొర మీద ఎక్కువగా ఉండేలా చేస్తుంది. డిప్రెషన్‌తో బాధపడి చనిపోయినవాళ్ల మెదడు కణజాలంలో పీ11 తక్కువగా కనిపించింది. డిప్రెషన్ మందులిచ్చిన ఎలుకల్లో పెరిగింది. అలా ప్రోటీన్ పెరిగి నిలదొక్కుకోవడం పూటలో అయ్యే పని కాదు. ఎలుకకీ మనిషికీ తేడా ఉంది, అది నాకూ తెలుసు. అయినా మెదడు రసాయనం ఒక్కటి పోసి నింపే కుండ కాదని మాత్రం దీంతో అర్థమవుతుంది.

అందుకే డాక్టర్ చెప్పిన వారాల దాకా ఆగు. మానాలన్నా ఆయన చెప్పినట్టే మెల్లగా తగ్గించాలి, హఠాత్తుగా ఆపితే తల తిరగడం, చిరాకు రావచ్చు. ఈ లోపల కుదురు లేకపోయినా, పిచ్చి ఆలోచనలు వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకు. వెంటనే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి, నాకూ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. నిద్ర పట్టడం లేదన్నావుగా, మాత్ర పొద్దున వేసుకోవచ్చేమో ఆయన్నే అడుగు. ఇక్కడ వీధి చివర మందుల షాపు కుర్రాడు ఇచ్చే సలహాలు నీకు ఫోన్‌లో చేరవేయనులే.

నాన్నకి ఇంకా చెప్పలేదు. బరంపురం పెళ్లికి వెళ్లారు, ఆదివారం వస్తారు. చెప్పమంటావా, నువ్వే మాట్లాడతావా? ఆ లోపు ఒక మెసేజ్ పెట్టు.

అమ్మ